మైక్రోబ్రూవరీలో మంచి బీరును గుర్తుపట్టడం ఎలా?

హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు మైక్రోబ్రూవరీకి (బీరుని అక్కడే తయారుచేసి అమ్మే చోటికి) వెళ్తే మెనూలో పేరు చూసి పెద్ద గ్లాసు ఆర్డర్ చేసేయకండి. ముందు టేస్టర్లు, అంటే రుచి చూడ్డానికి ఇచ్చే చిన్న గ్లాసులు అడగండి. తేలికపాటి గోధుమ బీరుతో మొదలుపెట్టి, చేదుగా ఉండే ఐపీఏ, నల్లటి స్టౌట్ చివర్లో తాగండి, లేదంటే నాలుకకి తేడా తెలియదు.

తాగేముందు వాసన చూడండి, సగం విషయం అక్కడే తేలిపోతుంది. హెఫెవైజెన్ అనే జర్మన్ గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసన రావాలి. అందులో పండూ ఉండదు, లవంగమూ ఉండదు, అదంతా బీరుని పులియబెట్టే ఈస్ట్ చేసే పని, నాకైతే బీరులో అన్నిటికంటే అందమైన విషయం ఇదే. చల్లగా, నెమ్మదిగా పులియబెట్టే లాగర్ బీరులో వెన్న రాసిన పాప్‌కార్న్ వాసన వస్తే మాత్రం చాలాసార్లు ఈస్ట్‌కి పని పూర్తిచేసే టైమ్ ఇవ్వకుండా తొందరపడ్డారని అర్థం. తడిసిన అట్టముక్క వాసనైతే బీరుకి గాలి తగిలి పాతబడిపోయింది, మొహమాటపడకుండా వెనక్కి ఇచ్చేయండి.

గ్లాసు లోపలి గోడకి బుడగలు అతుక్కుని ఉంటే అది సరిగ్గా కడగని గ్లాసు, నురగ కూడా నిలవదు.

మరీ చల్లగా ఉంటే రుచి తెలియదు, రెండు నిమిషాలు ఆగండి.

ట్యాంకులో ఎన్నాళ్లు ఉంచారో కూడా అడగండి. కాస్త వెచ్చగా, త్వరగా పులిసే ఏల్ రకం బీరుకి దాదాపు రెండు వారాలు చాలు, లాగర్‌ని 10 డిగ్రీల దగ్గర పులియబెట్టి ఆ తర్వాత ఇంకా చల్లగా వారాల తరబడి ఉంచాలి. ఐపీఏ అయితే ఎంత తాజాగా ఉంటే అంత మంచిది, బీరుకి చేదు, వాసన ఇచ్చే హాప్స్ పువ్వుల సువాసనే ముందు పోతుంది.