ఉబుంటు 24.04కి మారాక పాత వెన్వ్‌లు లేవకపోతే: నా అనుభవం

22.04 నుంచి అప్‌గ్రేడ్ అయ్యాక నా పైథాన్ ప్రాజెక్టులు ఒక్కటీ లేవలేదు. వెన్వ్ (ఒక్కో ప్రాజెక్టుకి విడిగా పెట్టుకునే పైథాన్ ఫోల్డర్) యాక్టివేట్ అవుతుంది, కానీ ఏది రన్ చేసినా మాడ్యూల్ లేదంటుంది, చివరికి పిప్ (ప్యాకేజీలు ఎక్కించే టూల్) కూడా లేదంటుంది. రీస్టార్ట్, పైథాన్ రీఇన్‌స్టాల్, వెన్వ్ బయట పిప్ వాడటం, ఏదీ పనికిరాలేదు.

వెన్వ్ ఫోల్డర్ తెరిచి చూస్తే అర్థమైంది. బిన్‌లో ఉన్న పైథాన్ అసలు ఫైలు కాదు, సిస్టమ్ పైథాన్‌కి లింకు. సిస్టమ్‌లో ఇప్పుడున్నది 3.12, లిబ్‌లో మాత్రం 3.10 ఫోల్డర్ ఒక్కటే, నా ప్యాకేజీలన్నీ అందులోనే ఉన్నాయి, అందుకే 3.12కి అవి కనిపించట్లేదు.

ముందు ఆ ఫోల్డర్‌లోని సైట్-ప్యాకేజెస్ చూసి, రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో (ప్రాజెక్టుకి కావాల్సిన ప్యాకేజీల జాబితా) రాయడం మర్చిపోయిన పేర్లూ వెర్షన్లూ ఎక్కించాను (డిస్ట్-ఇన్ఫో ఫోల్డర్ల పేర్లలోనే వెర్షన్ ఉంటుంది, దయచేసి ఇది చేయకుండా ఏదీ డిలీట్ చేయకండి). తర్వాత ఆప్ట్‌తో పైథాన్3-వెన్వ్ ప్యాకేజీ వేసి, పాత వెన్వ్‌ని పేరు మార్చి పక్కన పెట్టి, అదే చోట కొత్తది క్రియేట్ చేసి, యాక్టివేట్ చేశాక పిప్‌తో ఆ ఫైలు మొత్తం ఇన్‌స్టాల్ చేశాను. నంపై (లెక్కల కోసం వాడే లైబ్రరీ) పాత వెర్షన్ దగ్గర ఆగిపోయింది, ఎందుకంటే 3.12లో అది బిల్డ్ అవడానికి కావాల్సిన డిస్టుటిల్స్ మాడ్యూల్ తీసేశారు. 1.26కి పెంచితే సాఫీగా ఎక్కింది.

నా మూడు ప్రాజెక్టులకీ ఇది సరిపోయింది. పైఎన్వ్‌తో (పలు పైథాన్ వెర్షన్లు పెట్టుకునే టూల్) వేరే పైథాన్ పెట్టుకున్నవాళ్లకి సమస్య ఇదే కాకపోవచ్చు, ముందు ఆ లింకు ఎటు చూపిస్తోందో చూసుకోండి.