స్విచ్ పాఠాలు – 6: యాక్సెస్ లిస్టులో వరుసే ప్రాణం

పోయిన పాఠంలో సిస్కో లేయర్ 3 స్విచ్‌లో (నెట్‌వర్క్‌ల మధ్య దారి కూడా చూపే స్విచ్) రెండు వీలాన్‌లు, అంటే ఒకే స్విచ్‌లో విడివిడి నెట్‌వర్క్‌లు, కట్టాం. వీలాన్ 10 కళాశాల కార్యాలయానిది (10.10.10.0), వీలాన్ 20 విద్యార్థుల ల్యాబుది (10.10.20.0). ల్యాబులో కూర్చున్న ఎవరైనా ఫీజుల లెక్కలున్న కంప్యూటర్ దాకా వెళ్లే వీలు ఇప్పుడుంది. ఈరోజు యాక్సెస్ లిస్టుతో, అంటే ఏ ప్యాకెట్ (నెట్‌వర్క్‌లో ప్రయాణించే సమాచారపు ముక్క) పోవచ్చో, ఏది ఆగాలో చెప్పే వాక్యాల జాబితాతో, ఆ దారి మూస్తాం. ఇంటర్నెట్ మాత్రం ఆగకూడదు.

స్విచ్ లిస్టును పైనుంచి కిందికి చదువుతుంది. ప్యాకెట్‌కు సరిపోయే మొదటి వాక్యం దొరకగానే ఆ తీర్పు అమలు చేసి, చదవడం ఆపేస్తుంది. ఏదీ సరిపోకపోతే, చివర కంటికి కనబడని డినై (అడ్డుకో అనే వాక్యం) ఒకటి ఉంటుంది. ప్యాకెట్ ప్రయాణం అక్కడితో సరి.

ఆదేశాలను పలికే తీరులో రాస్తున్నాను, మీరు ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టండి. పర్మిట్ అంటే పోనివ్వు; యూడీపీ, టీసీపీ డేటా పంపే రెండు పద్ధతులు; ఈక్యూ తర్వాతది పోర్టు సంఖ్య; 0.0.0.255 అంటే చిరునామాలో చివరి సంఖ్య ఏదైనా సరే. ప్రతి వాక్యంలో ముందుది పంపేవారి చిరునామా, తర్వాతది చేరాల్సిన చిరునామా.

ఐపీ యాక్సెస్-లిస్ట్ ఎక్స్‌టెండెడ్ ల్యాబ్
10 పర్మిట్ యూడీపీ ఎనీ ఈక్యూ 68 ఎనీ ఈక్యూ 67
20 పర్మిట్ యూడీపీ 10.10.20.0 0.0.0.255 హోస్ట్ 10.10.10.5 ఈక్యూ 53
30 డినై ఐపీ 10.10.20.0 0.0.0.255 10.10.10.0 0.0.0.255
40 పర్మిట్ ఐపీ 10.10.20.0 0.0.0.255 ఎనీ

20వ వాక్యం కార్యాలయంలోని డీఎన్ఎస్ సర్వర్‌కు (వెబ్‌సైట్ల పేర్లకు చిరునామాలు చెప్పేది), 40 ఇంటర్నెట్‌కు. 10వ వాక్యం దగ్గర కాస్త ఆగాలి. ఇంకా చిరునామా అందని కంప్యూటర్ 0.0.0.0 పేరుతో డీహెచ్‌సీపీని (కంప్యూటర్లకు చిరునామాలు పంచే సేవ) అడుగుతుంది. అది 10.10.20.0లో లేదు కాబట్టి 40 దాన్ని కాపాడలేదు. నేను ఒకచోట ఈ వాక్యం మరిచాను. అప్పటికే చిరునామా ఉన్న యంత్రాలు చక్కగా పనిచేస్తుండడంతో అంతా బాగుందనుకుని వచ్చేశాను. కొత్తగా వచ్చి చేరినవాటికి మాత్రం చిరునామా రాలేదు. అందుకే పరీక్షించేటప్పుడు ఒక కంప్యూటర్ చిరునామాను వదిలించి, మళ్లీ అడిగించి చూడండి.

లిస్టు రాసినంత మాత్రాన ఏమీ జరగదు, దాన్ని తగిలించాలి:

ఇంటర్‌ఫేస్ వీలాన్ 20
ఐపీ యాక్సెస్-గ్రూప్ ల్యాబ్ ఇన్

ఇన్ ఎటు, అవుట్ ఎటు అన్న తికమక చాలామందికి ఉంటుంది. మీరు స్విచ్ లోపల నిలబడ్డారనుకోండి. ల్యాబు నుంచి మీ వైపు వచ్చేది ఇన్, మీ దగ్గర నుంచి ల్యాబుకు పోయేది అవుట్.

దూరం నుంచి పనిచేస్తుంటే, తగిలించే ముందు పాత అమరికను భద్రపరచి, 'రీలోడ్ ఇన్ 10' కొట్టండి. పొరపాటున మీ దారే మూసుకుపోతే పది నిమిషాల్లో స్విచ్ తిరిగి మొదలై పాత అమరికకు వస్తుంది. అంతా సవ్యంగా ఉంటే 'రీలోడ్ క్యాన్సిల్' కొట్టి, ఆ తర్వాతే కొత్తది భద్రపరచండి. రీలోడ్ జరిగితే ఆ స్విచ్ మీదున్న అందరికీ కాసేపు నెట్‌వర్క్ ఉండదు; రద్దీ లేని వేళ చూసుకోండి.

ఇప్పుడు అభ్యాసం. డీఎన్ఎస్ జవాబు పెద్దదైనప్పుడు టీసీపీ 53 కూడా కావాలి. 20వ వాక్యాన్నే యూడీపీ బదులు టీసీపీ అని, ముందు సంఖ్య లేకుండా కొట్టి, 'షో యాక్సెస్-లిస్ట్స్'తో చూడండి. అది 50గా చివర చేరుతుంది. 30 దాటి ప్యాకెట్ అక్కడిదాకా రాదు. దాన్ని 'నో 50'తో తీసేసి, 25 సంఖ్యతో మళ్లీ రాయండి.

తర్వాత కార్యాలయం నుంచి ల్యాబుకు పింగ్ (అవతలి కంప్యూటర్ జవాబిస్తుందా అని చూసే పరీక్ష) చేయండి. జవాబు రాదు. ప్యాకెట్ చేరుతుంది కానీ, తిరుగు జవాబు 30 దగ్గర ఆగుతుంది. దాన్ని ఏ వాక్యంతో, ఏ సంఖ్య దగ్గర అనుమతించాలో రాసి ఉంచుకోండి. 7వ పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.