సర్పంచ్ ఎన్నికలతో చీలిన ఊరిని మళ్లీ కలపాలంటే

పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు, కానీ ఊరు మాత్రం పార్టీల వారీగానే చీలుతుంది. 2021 ఫిబ్రవరిలో ఏపీలో జరిగిన ఎన్నికల తర్వాత మా ఊళ్లో, ఒకే ప్రహరీ పంచుకునే అన్నదమ్ములకి ఏడాది దాటినా మాటల్లేవు.

అందరూ ముందు చేసే తప్పేంటంటే, రచ్చబండ దగ్గర పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి ఇద్దరి చేతులూ కలిపించడం. వద్దు. నలుగురిలో తగ్గడమంటే పరువు సమస్య కదా, మొహమాటానికి సరే అంటారు, చీకటి పడేసరికి మళ్లీ మొదలు.

చావింటి నుంచి మొదలుపెట్టండి. పెళ్లికైతే పిలుపు కావాలి, చావుకి అక్కర్లేదు, అందుకే వైరం ఉన్నా గడప తొక్కగలిగేది ఆ ఒక్క రోజే. ఎదుటి వర్గం ముసలాయన పోయినప్పుడు మా పెద్దమ్మ టీ క్యాన్ పట్టుకుని పెరటి దారిన వెళ్లి, వాళ్ల వంటింటి గుమ్మం దగ్గర పెట్టి ఒక్క మాటా మాట్లాడకుండా వచ్చేసింది. మూడో రోజు ఆ క్యాన్ శుభ్రంగా కడిగి, లోపల నాలుగు నిమ్మకాయలు వేసి పంపారు. అక్కడితో ఆగండి, వెంటనే రాజీ మాటలెత్తితే చెడుతుంది.

తర్వాత డ్వాక్రా గ్రూపు. అప్పు అందరిదీ కాబట్టి రెండు వర్గాల ఆడవాళ్లూ వాయిదా కోసమైనా ఒకచోట కూర్చోక తప్పదు, మగవాళ్ల కబురు ఇటునుంచి అటు చేరేది అక్కడే. ఊరి వాట్సాప్ గ్రూపు గురించి చెప్పేదేముంది, కొన్నాళ్లు రాజకీయం ఆపమని అడ్మిన్‌ని బతిమాలుకోండి.

అసలు చిక్కు కేసులతో. పోలింగ్ రోజు తోపులాటకి పెట్టిన కేసు ఏళ్ల తరబడి నడుస్తుంటే, వాయిదాకి వెళ్లిన ప్రతిసారీ పాత పుండు కెలికినట్టే. రాజీపడదగిన కేసైతే లోక్ అదాలత్‌కి పెట్టించండి, అక్కడ తేలిన రాజీకి మళ్లీ అప్పీలు ఉండదు. కానీ ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ కేసు ఉంటే, దెబ్బ తిన్నవాళ్లని 'ఊరి మంచి కోసం' వదిలేయమని ఒత్తిడి చేయకండి. అది కలపడం కాదు, నోరు నొక్కడం.

ఇవన్నీ ఓ దారికొచ్చాకే అందరికీ భోజనాలు పెట్టండి. వడ్డనకి ఒక్కో బంతికి ఇటు ఇద్దరు, అటు ఇద్దరు ఉండేలా చూడండి, ముఖ్యంగా సాంబారు బకెట్ దగ్గర.