కారు ఏసీలో లోపలి గాలి, బయటి గాలి: ఆ బటన్ ఎప్పుడు నొక్కాలి, ఎప్పుడు తీయాలి

ఏసీ నాబ్‌ల పక్కన కారు బొమ్మ, దాని లోపల మెలి తిరిగిన బాణం ఉన్న బటన్ రీసర్క్యులేషన్‌ది. దాని లైటు వెలుగుతుంటే బండి బయటి గాలిని ఆపేసి, లోపలున్న గాలినే మళ్లీ మళ్లీ తిప్పి చల్లబరుస్తుంది. ఆరి ఉంటే ముందు అద్దం కింద, వైపర్ల దగ్గరి జాలీ నుంచి బయటి గాలిని లాగుతుంది. పాత బండ్లలో బటన్ బదులు పక్కకు జరిపే లివర్ ఉంటుంది. ఏదైనా సరే, డ్యాష్‌బోర్డు వెనక ఒక చిన్న తలుపు అటో ఇటో తిరుగుతుంది, అంతే. మన దగ్గర చాలామంది శివరాత్రి దాటగానే ఒకసారి నొక్కి, వానలు పడి అద్దం మసకబారేదాకా దాన్ని మళ్లీ ముట్టరు. తిప్పలన్నీ అక్కడే మొదలు.

మే నెలలో నల్లగొండలోనో మిర్యాలగూడలోనో మధ్యాహ్నం బండి ఎండకు పెట్టి వచ్చారనుకోండి. బయట 43 డిగ్రీలుంటే లోపల 60 దాటి ఉంటుంది. ఎక్కగానే రీసర్క్యులేషన్ నొక్కితే ఏసీ ఆ 60 డిగ్రీల గాలితోనే కుస్తీ పడుతుంది. అప్పుడు బయటి గాలే నయం. ముందు తలుపులన్నీ ఒక నిమిషం బార్లా తెరవండి. స్టార్ట్ చేసి, ఏసీ ఆన్ చేసి, బ్లోయర్ పెంచి, బటన్ బయటి గాలి మీదే ఉంచి, వెనక అద్దాలు సగం దింపి కదలండి. రెండు నిమిషాల్లో వేడి వెనక నుంచి వెళ్లిపోతుంది. అప్పుడు అద్దాలెక్కించి రీసర్క్యులేషన్ నొక్కండి. ఇక ఏసీ చల్లబరచాల్సింది 43 డిగ్రీల గాలిని కాదు, అప్పటికే కాస్త చల్లబడ్డ లోపలి గాలిని. కంప్రెసర్ మీద బరువు తగ్గుతుంది, డీజిలూ కొంత మిగులుతుంది. చల్లబడ్డాక బ్లోయర్ రెండో నంబర్‌కు దించండి.

అలాగని హైదరాబాద్ దాకా అట్లనే వదిలేయకండి. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లలో 420 పాళ్ల పైచిలుకు. మనం వదిలే ఊపిరిలో నూటికి 4 పాళ్లు, అంటే దాదాపు వంద రెట్లు. నలుగురు కూర్చున్న చిన్న కారులో అది త్వరగా పేరుకుపోతుంది. తల బరువెక్కడం, ఆవులింతలు, కళ్లు మూతపడటం దాని గుర్తులు. 65వ నంబర్ హైవే మీద అన్నం తిని బయలుదేరిన డ్రైవర్‌కు ఇవి అసలే వద్దు. పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒకసారి బటన్ తీసి రెండు మూడు నిమిషాలు బయటి గాలి రానివ్వండి. ఒక్కరే ఉంటే అరగంటకోసారి చాలు.

లారీ వెనక పడ్డప్పుడు, పంతంగి టోల్ గేటు దగ్గర సంక్రాంతి క్యూలో నిలబడ్డప్పుడు, యాసంగి కోతలయ్యాక కొయ్యకాళ్లకు నిప్పు పెట్టిన పొలాల పక్కన పోతున్నప్పుడు ముందే నొక్కండి. పొగ లోపలికి వచ్చాక నొక్కితే ఆ పొగనే తిప్పుతారు. దుబ్బ రోడ్డు సంగతి మాత్రం వేరు. ఎదురొచ్చే ట్రాక్టర్ దాటేదాకా అయితే రీసర్క్యులేషనే మంచిది. కిలోమీటర్ల కొద్దీ మట్టిబాట, తలుపు రబ్బర్లు పాతవి అయితే బయటి గాలి పెట్టి బ్లోయర్ కాస్త పెంచండి. ఫిల్టర్ దాటి వచ్చిన గాలి లోపలి నుంచి బయటికి నెడుతుంది కాబట్టి సందుల్లోంచి దుబ్బ తక్కువ దూరుతుంది.

వానకాలంలో లెక్క తిరగబడుతుంది. తడిబట్టలు, ఊపిరి వల్ల లోపల తేమ పెరిగి అద్దానికి లోపలివైపు ఆవిరి పడుతుంది. రీసర్క్యులేషన్ మీదుంటే ఆ తేమకు బయటికి దారే ఉండదు. బటన్ తీసి, ఏసీ ఆన్‌లోనే ఉంచి, గాలిని ముందు అద్దం మీదికి తిప్పండి. ఏసీ తేమను పిండేస్తుంది. బట్టతో తుడవడం వల్ల మరకలే మిగులుతాయి. ముసురులో ఆవిరి అద్దానికి బయటివైపు పడితే లోపలి చలి ఎక్కువైందని అర్థం. వైపర్ ఒకసారి తిప్పి, అద్దం మీదికి పోయే గాలి ఆపి, చల్లదనం తగ్గించండి.

ఇంజన్ ఆన్‌లో పెట్టి, అద్దాలు మూసి నిలిపిన బండిలో మాత్రం నిద్రపోవద్దు. బటన్ నొక్కి ఉంది కదా అనుకోకండి. సైలెన్సర్ లీకైతే కార్బన్ మోనాక్సైడ్ ఏ సందు నుంచైనా వస్తుంది, దానికి వాసన ఉండదు.

ఏసీ పెట్టగానే ముక్కిపోయిన వాసన వస్తోందా? ఇల్లు చేరడానికి మూడు నాలుగు నిమిషాల ముందు ఏసీ ఆపి, బయటి గాలి మీద బ్లోయర్ ఒక్కటే తిప్పండి. కూలింగ్ కాయిల్ మీది తడి ఆరుతుంది, బూజు పట్టదు. లోపలికి వచ్చే గాలిని వడకట్టే కేబిన్ ఫిల్టర్‌ను ఏడాదికోసారి, లేదా 10 నుంచి 15 వేల కిలోమీటర్లకు మార్చాలి. పొలాల మధ్య, సిమెంటు లారీల దారిలో తిరిగే బండికి ఇంకా ముందే. చాలా బండ్లలో అది గ్లవ్‌బాక్స్ వెనక ఉంటుంది. కొత్తది పెట్టేటప్పుడు దాని అంచున ఉన్న బాణం, పాతదాని బాణం ఒకే దిక్కుకు ఉండాలి. వైపర్ల జాలీలో చేరిన వేపాకు కూడా ఏరేయండి. అది కుళ్లినా వాసనే.

బటన్ నొక్కినా లారీ పొగ వస్తూనే ఉంటే ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. బ్లోయర్ ఫుల్‌లో పెట్టి, బయటి గాలి మీద ఉంచి, వైపర్ల జాలీ మీద పలచటి కాగితం ముక్క పెట్టండి. జాలీకి అతుక్కుంటుంది. రీసర్క్యులేషన్ నొక్కగానే పట్టు వదలాలి, ఎడమ సీటు ముందు డ్యాష్‌బోర్డు కింద గాలి హోరు పెరగాలి. రెండూ జరగకపోతే డ్యాష్‌బోర్డు వెనకున్న ఆ చిన్న తలుపు కదలడం లేదు. లివర్ బండిలో అయితే కేబుల్ కొక్కెం ఊడి ఉంటుంది, మళ్లీ తగిలిస్తే సరి. బటన్ బండిలో నొక్కినప్పుడల్లా టకటక చప్పుడు వస్తే, తలుపు తిప్పే చిన్న మోటారులో ప్లాస్టిక్ పళ్లు అరిగినట్టు. ఏసీ గ్యాస్ నింపించుకోవడం మానేసి ఆ మోటారు మార్పించండి.