నార్కోలెప్సీ ఉందని ఎవరికి, ఎప్పుడు చెప్పాలి

రాత్రి ఎంత పడుకున్నా పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే ఈ నాడీ సంబంధమైన జబ్బును చూసేవారు బద్ధకంగానే లెక్కగడతారు. అందుకే చెప్పాలా వద్దా అన్న సందేహం మనల్ని పట్టుకుంటుంది. నా లెక్కలో చెప్పే వరుసను బంధుత్వం నిర్ణయించకూడదు. మనకు అకస్మాత్తుగా నిద్ర పడితే ప్రమాదం ఎక్కడుందో అది నిర్ణయించాలి. రాత్రంతా చేసే నిద్ర పరీక్ష, మరునాడు రెండేసి గంటల ఎడంతో నాలుగైదుసార్లు పడుకోబెట్టి చేసే పరీక్ష పూర్తయ్యేదాకా జబ్బు పేరు బయటపెట్టకపోవడమే మేలు, కానీ బండి తోలడం మాత్రం అనుమానం వచ్చిన రోజే మానేయాలి.

ముందుగా తెలియాల్సింది ఇంట్లోవాళ్లకు. ఒకసారి పిన్ని చెప్పిన మాటకు పగలబడి నవ్వుతుంటే నా చేతిలోని టీ గ్లాసు జారిపోయింది, మోకాళ్లు సడలిపోయాయి, తల గుండెల మీదికి వాలింది. అన్నీ వినబడుతున్నా బదులు చెప్పలేని ఆ నిమిషంలో మావాళ్లు మూర్ఛ అనుకుని నా గుప్పిట్లో తాళాల గుత్తి పెట్టారు. ఇది నార్కోలెప్సీలో నవ్వు లాంటి ఉద్వేగం వచ్చినప్పుడు కండరాలు ఒక్కసారిగా సడలిపోయే కాటప్లెక్సీ అనీ, స్పృహ పోదనీ, కింద పడకుండా పట్టుకుంటే కాసేపట్లో అదే తగ్గుతుందనీ ముందే చెప్పి ఉంటే అంత కంగారు ఉండేది కాదు. ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టరుకు తప్పక చెప్పాలి. పగటి నిద్రను ఆపడానికి ఇచ్చే మోడాఫినిల్ వాడే స్త్రీలు గైనకాలజిస్టుకు కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ మందు గర్భనిరోధక మాత్రల ప్రభావాన్ని తగ్గిస్తుంది.

పెళ్లి సంబంధాల దగ్గర చాలామంది తడబడతారు. పెళ్లిచూపుల్లోనే చెప్పనక్కర్లేదు గానీ, ఇద్దరికీ ఇష్టమని తేలాక, తాంబూలాలు పుచ్చుకోకముందే చెప్పి తీరాలి. అది కూడా మధ్యవర్తి ద్వారా కాక మనమే నేరుగా చెప్పాలి. "నిద్ర కాస్త ఎక్కువట" అని బయల్దేరిన మాట నాలుగిళ్లు తిరిగేసరికి ఏ రూపం దాలుస్తుందో మనకు తెలియనిది కాదు.

ఉద్యోగంలో, డ్రైవింగు, యంత్రాల పని కాకపోతే, ఇంటర్వ్యూలోనే బయటపెట్టాల్సిన పని లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలలో దీర్ఘకాలిక నాడీ వ్యాధులను చేర్చింది గానీ నార్కోలెప్సీని పేరు పెట్టి చెప్పలేదు కనుక, చేతిలో సర్టిఫికెట్ లేకుండా హక్కు అంటూ మొదలుపెట్టకండి. జబ్బును వివరించడం కంటే, భోజనం తర్వాత 20 నిమిషాలు పడుకునే వీలు కావాలని సూటిగా అడగండి. మేనేజరు సరేనన్న రోజే ఆ సంగతి ఈమెయిల్‌లో రాసి పంపండి. ఆయన బదిలీ అయితే కథ మళ్లీ మొదటికొస్తుంది.