చెన్నైలో కొత్త విద్యాసంవత్సరం: మొదటి నెల పనులను వరుసలో పెట్టుకోవడం

నెల్లూరు, తిరుపతి, ఒంగోలు వైపుల నుంచి చదువు కోసం చెన్నై చేరే తెలుగు విద్యార్థికి మొదటి నెలలో పాఠాల బరువు అంతగా తెలియదు. కాలేజీ ఆఫీసులో ఇవ్వవలసిన కాగితాలు, గది, మెస్సు, బస్సు పాసు, బ్యాంకు ఖాతా, స్కాలర్‌షిప్ దరఖాస్తు, వీటి మధ్యలోనే తరగతులు, అన్నీ ఒకే వారంలో మీద పడతాయి. ప్రతి పనికీ ఒక గడువు, ఒక కిటికీ, ఆ కిటికీకి ఒక భోజన విరామం ఉంటాయి. ఎదురుపడిన పనిని ఎదురుపడినట్టు చేసుకుంటూ పోతే రోజంతా తిరిగినా సాయంత్రానికి ముఖ్యమైనదే మిగిలిపోతుంది. నేను ఈ నగరంలోనే పీజీ చదివి, ఆ తర్వాత ఏటా మా ఊరి పిల్లలు ఒకరిద్దరిని దగ్గరుండి కాలేజీల్లో చేర్పిస్తూ వస్తున్నాను. ఏ పనిలో పడిన తప్పును తర్వాత సరిదిద్దుకోవడం కష్టమో ఆ పనిని ముందు చేయమని వారికి చెబుతుంటాను. కింద రాసిన వరుస కూడా ఆ లెక్కతోనే ఉంది.

పేరు, ఇనిషియల్, కాగితాలు

అన్నిటికంటే ముందు చూసుకోవలసినది మీ పేరు. తమిళనాడులో సాధారణంగా ఇంటిపేరు వాడుక లేదు; పేరుకు ముందో వెనకో ఉండే అక్షరం తండ్రి పేరులోని మొదటి అక్షరం. ఒక విద్యార్థిని పేరు పులిపాటి శ్రావణి అనీ, తండ్రి పేరు వెంకటేశ్వరరావు అనీ అనుకుందాం. పదో తరగతి మార్కుల జాబితాలో 'పులిపాటి శ్రావణి' అని, ఆధార్‌లో 'పి. శ్రావణి' అని, బ్యాంకు పాసుపుస్తకంలో 'శ్రావణి పులిపాటి' అని ఉండటం మన ఇళ్లలో మామూలే. ఇక్కడి గుమస్తా దరఖాస్తులో తండ్రి పేరు చూసి, అలవాటు కొద్దీ హాజరు పట్టీలో 'శ్రావణి వి' అని ఎక్కిస్తాడు. ఆయన ఊరి లెక్క ప్రకారం అది సరైనదే. ఆ 'వి' హాజరు పట్టీలోంచి పరీక్ష దరఖాస్తులోకి, అక్కడి నుంచి మార్కుల జాబితాలోకి నడిచి వెళ్తుంది. నా పేరులో ఇలా పడ్డ ఒక్క అక్షరాన్ని మొదటి సెమిస్టరు మార్కులు చేతికి వచ్చాక గాని నేను గమనించలేదు. దాన్ని మార్పించడానికి ఒక దరఖాస్తు, రుసుము, పదో తరగతి ధ్రువపత్రం ప్రతి, విభాగాధిపతి సంతకంతో పాటు నాలుగుసార్లు ఆఫీసు చుట్టూ తిరగవలసి వచ్చింది. మొదటి వారంలోనే చూసి ఉంటే పట్టీలో కొట్టివేసి దిద్దితే సరిపోయేది. కాబట్టి తరగతి ఉపాధ్యాయులు హాజరు పిలిచిన మొదటి రోజునే మీ పేరు పట్టీలో ఎలా ఉందో కళ్లారా చూసుకుని, పదో తరగతి ధ్రువపత్రంలో ఉన్న రూపమే అన్నిచోట్లా ఉండేలా అడిగి రాయించుకోవాలి.

తర్వాత అసలు ధ్రువపత్రాలు. కాలేజీ తన దగ్గర ఉంచుకునే ప్రతి కాగితానికీ రసీదు అడగాలి, ఇచ్చేముందు ప్రతిదానికీ అయిదారు జిరాక్సులు తీయించి, ఫోన్లో కూడా ఒక ప్రతి దాచుకోవాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బోర్డుల్లోనో వేరే విశ్వవిద్యాలయంలోనో చదివి మద్రాసు విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలల్లో చేరేవారు టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్లతో పాటు మీ పాత చదువు ఇక్కడ చేరడానికి సరిపోతుందని చెప్పే అర్హత ధ్రువపత్రం కూడా తెచ్చుకోవాలి. ఎలిజిబిలిటీ అని ఆఫీసులో పిలిచేది దీన్నే. మైగ్రేషన్ కోసం మళ్లీ సొంత రాష్ట్రానికి పరుగెత్తే పరిస్థితి రాకుండా బయల్దేరేముందే తీసుకోవడం మంచిది. మీరు ఆ కాలేజీ విద్యార్థి అని చెప్పే బోనఫైడ్ సర్టిఫికెట్లు ఒకేసారి మూడు అడగండి. బ్యాంకు ఖాతాకు ఒకటి, ప్రయాణ పాసుకు ఒకటి, స్కాలర్‌షిప్‌కు ఒకటి కావాలి. దేనికి ఏ అవసరమో ఆ సర్టిఫికెట్ మీదే రాయమంటారు గనుక ఒక దాని జిరాక్సు ఇంకో చోట చెల్లకపోవచ్చు.

కంప్యూటరులో చేయవలసినవి మూడున్నాయి, ఒక సాయంత్రం కూర్చుంటే పూర్తవుతాయి. చదువులో వచ్చే క్రెడిట్లను జమచేసే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతాను డిజిలాకర్ ద్వారా తెరిస్తే 12 అంకెల గుర్తింపు సంఖ్య వస్తుంది. పరీక్ష దరఖాస్తులో దాన్ని అడుగుతారు. కేంద్ర స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఒకసారి నమోదు చేసుకుని, డబ్బు పడే ఖాతాకు ఆధార్ అనుసంధానం ఉందో లేదో బ్యాంకులో అడిగి తెలుసుకోవాలి. ర్యాగింగ్ చేయబోమనే హామీపత్రాన్ని విద్యార్థి, తల్లిదండ్రులు ఇద్దరూ ఇవ్వాలని యూజీసీ 2009 నిబంధనలు చెబుతాయి. ఆ పత్రం ఇచ్చేటప్పుడే 1800-180-5522 అనే సహాయ సంఖ్యను ఫోన్లో పెట్టుకోండి; రాత్రీ పగలూ పనిచేస్తుంది.

గది, నీళ్లు, భోజనం

హాస్టల్ దొరికితే మొదటి ఏడాదికి అదే మేలు. దొరకనివారు పీజీలు అని పిలిచే పేయింగ్ గెస్ట్ గదుల్లోనో, తిరువల్లిక్కేణి వైపు మాన్షన్లు అని పిలిచే బ్రహ్మచారుల లాడ్జీల్లోనో, నలుగురు కలిసి తీసుకున్న ఇంట్లోనో చేరతారు. ఇల్లు తీసుకునేవారిని చెన్నైలో భయపెట్టేది అద్దె కంటే అడ్వాన్సు. పది నెలల అద్దె అడ్వాన్సుగా అడగడం ఇక్కడ పాత అలవాటు. తమిళనాడు 2017లో చేసిన అద్దె చట్టం మాత్రం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, అడ్వాన్సు మూడు నెలల అద్దెను మించకూడదని చెబుతుంది. ఇంటి యజమానితో వాదించడానికి కాకపోయినా, మర్యాదగా బేరమాడటానికి ఈ సంగతి పనికొస్తుంది. ఎంత ఇచ్చినా బ్యాంకు ద్వారానే ఇచ్చి, ఖాళీ చేసేటప్పుడు ఎంత కోసుకుంటారో కాగితం మీద రాయించుకోవాలి. రంగు వేయించడానికని ఒక నెల అద్దె పట్టుకోవడం తరచూ వినిపించే ఫిర్యాదు.

సాయంత్రం చూసి నచ్చిన గదిని మర్నాడు పొద్దున ఆరున్నరకు మరొకసారి వెళ్లి చూడండి. సాయంత్రం కనబడని విషయాలు అప్పుడు కనబడతాయి. స్నానాల గది ముందు ఎందరు బకెట్లు పెట్టుకుని నిలబడ్డారో, కుళాయిలో నీళ్లు వస్తున్నాయో లేక లారీ కోసం ఎదురుచూస్తున్నారో, ఆ నీళ్లతో సబ్బు నురుగు వస్తుందో లేదో తెలిసిపోతుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న వీధుల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉండటం సాధారణం. కొత్తగా వచ్చిన వారు జుట్టు రాలుతోందని దిగులుపడేది కూడా ఎక్కువగా ఈ నీళ్ల గురించే. తాగడానికి 20 లీటర్ల క్యాన్లు వస్తాయి. క్యాన్ ఖర్చు అద్దెలో కలిసి ఉందో లేదో ముందే అడగాలి.

మెస్సుల్లో సాంబారు, రసం, పొరియల్, మజ్జిగ కడుపు నింపుతాయి గాని, ముద్దపప్పుకూ పచ్చడికీ అలవాటు పడిన నాలుక రెండో వారానికి మొరాయిస్తుంది. ఇంటి నుంచి కందిపొడి, ఆవకాయ తెచ్చుకోవడం తప్పనిసరి. డబ్బా ఒకటి గదిలో బయట పెట్టి, ఇంకొకటి పెట్టెలో అడుగున దాచమని నా సలహా. బయట పెట్టినది వారం కూడా నిలవదు.

తిరగడం

ప్రయాణం గురించి ఎక్కువ ఆలోచించనవసరం లేదు. గది వెతికేటప్పుడే రైలు స్టేషనుకు నడిచే దూరంలో ఉన్నదాన్ని ఎంచుకుంటే సగం సమస్య తీరుతుంది. బీచ్ నుంచి వేళచ్చేరి వెళ్లే ఎంఆర్‌టీఎస్ అనే నగర రైలు దారిలో చేపాకం, తిరువల్లిక్కేణి, కోట్టూర్‌పురం, తరమణి వంటి స్టేషన్లున్నాయి. బీచ్, తాంబరం మధ్య నడిచే లోకల్ రైళ్లు నగరపు దక్షిణ భాగాన్నంతా కలుపుతాయి. విద్యార్థులకు రాయితీ సీజన్ టికెట్ ఉంది, దానికి కాలేజీ ఇచ్చే ధ్రువపత్రం కావాలి. చాలా కళాశాలలు ఉదయం, మధ్యాహ్నం అని రెండు షిఫ్టులుగా నడుస్తాయి కాబట్టి, మీ షిఫ్టు సమయానికి ఆ దారి ఎలా ఉంటుందో తరగతులు మొదలయ్యే ముందే ఒకసారి వెళ్లి చూడటం మంచిది.

హాజరు, సిలబస్

చదువు విషయంలో మొదటి నెలలో చేసే పెద్ద పొరపాటు, హాజరును లెక్కపెట్టకపోవడం. ఒక సెమిస్టరుకు 90 పనిదినాలనుకుంటే, పరీక్ష రాయాలంటే 75 శాతం హాజరు ఉండాలన్న నిబంధన ప్రకారం మీరు మానగలిగేది 22 రోజులే. వినడానికి చాలా ఎక్కువగా కనిపిస్తుంది. అయితే నెలకొకసారి ఊరికి వెళ్లి, వెళ్లిన ప్రతిసారీ శుక్రవారం, సోమవారం కలుపుకుంటే అందులో 8 నుంచి 10 రోజులు అక్కడే పోతాయి. ఒక జ్వరం, ఒక పెళ్లి, ఆఫీసు వరుసల్లో పోయిన మొదటి వారం తీసేస్తే ఇక మిగిలేది చేతి వేళ్లకు సరిపోతుంది. నోటు పుస్తకం చివరి పేజీలో సబ్జెక్టుకొక గీత గీసి, మానిన ప్రతి గంటకూ అక్కడ ఒక చుక్క పెట్టుకోండి. కాలేజీ హాజరును రోజుల్లో లెక్కిస్తుందా, గంటల్లో లెక్కిస్తుందా, ఆలస్యంగా చేరినవారికి ముందు జరిగిపోయిన తరగతులను ఎలా లెక్కిస్తుందో మొదటే అడగాలి.

ఇక్కడి సిలబస్‌లు చాలావరకు ఐదు యూనిట్లుగా ఉంటాయి. మొదటి వారంలో ఒక్కో పేపరుకు ఒక గంట కేటాయించి, ఐదు యూనిట్ల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని, గ్రంథాలయంలో దొరికే గత మూడేళ్ల ప్రశ్నపత్రాలను వాటి పక్కన పెట్టి ఏ ప్రశ్న ఏ యూనిట్‌లోనిదో గుర్తించండి. ఆ గంటలో పాఠం ఒక్కటీ రాదు గాని, ఉపాధ్యాయులు చెప్పేది ఎక్కడికి వెళ్తోందో ఆ తర్వాత ప్రతి తరగతిలోనూ తెలుస్తుంది.

డిగ్రీలో చేరేవారు ఒక విషయం జాగ్రత్తగా చూసుకోవాలి. మద్రాసు విశ్వవిద్యాలయం కళాశాలల్లో డిగ్రీ పేపర్లు పార్టులు అనే భాగాలుగా ఉంటాయి; వాటిలో పార్ట్ వన్ భాషగా తమిళం బదులు, ఆ కాలేజీలో బోధిస్తూ ఉంటే, తెలుగు తీసుకోవచ్చు. పాఠశాలలో తమిళం చదవకుండా ఇలా వేరే భాష తీసుకున్నవారికి ప్రాథమిక తమిళం రెండు పేపర్లుగా వస్తుంది. చాలామంది దాన్ని తేలికగా తీసుకుని చివరి ఏడాదిలో చిక్కుకుంటారు. నిజానికి మనకు ఇది కష్టమైనది కాదు. తమిళంలో 12 అచ్చులు, 18 హల్లులు. క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకే అక్షరం. పది రోజులు బస్సు బోర్డులు చదివితే అక్షరాలు పట్టుబడతాయి. మెస్సులో 'కొంచం రసం' అని అడిగినప్పుడు వడ్డించే ఆయన ముఖంలో కనిపించే ఆదరం, పేపరులో వచ్చే మార్కుల కంటే ముందే అందుతుంది.

సంఘాలు, క్లబ్బులు, పోటీలు మొదటి రెండు వారాల్లోనే పేర్లు రాయించుకుంటాయి. డిగ్రీలో పార్ట్ ఫైవ్ కింద ఎన్ఎస్ఎస్, ఎన్‌సీసీ, క్రీడల వంటి వాటికి క్రెడిట్ ఉంది కాబట్టి వాటిలో ఒకటి ఎలాగూ తప్పదు. దానితో పాటు మనసుకు నచ్చినది ఇంకొకటి చాలు.

చదువుకోవడానికి గది అనుకూలంగా లేనివారికి కోట్టూర్‌పురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయం ఉంది. 2010లో మొదలైన ఈ గ్రంథాలయంలో సొంత పుస్తకాలు తెచ్చుకుని కూర్చునే విభాగం వేరే ఉంది. ఏసీ కూడా ఉండటం వల్ల సెలవు రోజుల్లో పొద్దున్నే వెళ్లకపోతే కుర్చీ దొరకదు. ఎగ్మూరులో 1896లో తెరిచిన కన్నెమరా గ్రంథాలయం దేశంలో ప్రచురించే పుస్తకాలు చట్టం ప్రకారం చేరవలసిన నాలుగు గ్రంథాలయాల్లో ఒకటి గనుక, తెలుగు పుస్తకాలు కావలసిన పరిశోధక విద్యార్థులు ముందు అక్కడ అడగాలి.

వానలు, ఊరికి టికెట్లు

ఈ రెండూ మొదటి నెలలో గుర్తుకు రావు, కాని ఏర్పాటు అప్పుడే చేసుకోవాలి. చెన్నైకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. సెమిస్టరు పరీక్షలు కూడా దాదాపు అప్పుడే. 2015 డిసెంబరు వరదల్లోనూ, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానులోనూ నేలంతస్తు ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. గది నేలంతస్తులో ఉంటే ధ్రువపత్రాలను జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి, మంచం కింద పెట్టెలో కాకుండా పైన షెల్ఫులో ఉంచండి.

రైలు రిజర్వేషన్ ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందు, ఉదయం ఎనిమిది గంటలకు తెరుచుకుంటుంది. అంటే జనవరి 13న సంక్రాంతికి బయల్దేరేవారు నవంబరు 14 ఉదయం ఎనిమిదికి ముందే లాగిన్ అయి కూర్చోవాలి. దసరా, దీపావళి తేదీలకు కూడా ఇలాగే వెనక్కి లెక్కపెట్టి, కాలేజీ క్యాలెండరు చేతికి వచ్చిన రోజునే ఫోన్లో అలారాలు పెట్టుకోండి. టికెట్ దొరకనివారు నెల్లూరు, తిరుపతి బస్సుల కోసం మాధవరం బస్టాండుకు వెళ్లాలి. 2018 నుంచి ఆంధ్ర వైపు బస్సులు అక్కడి నుంచి నడుస్తున్నాయి. పాత అలవాటు కొద్దీ కోయంబేడు బస్టాండుకో, కొత్తగా విన్నారు గనుక కిళాంబాక్కం బస్టాండుకో ఆటో ఎక్కితే పండగ పూట నగరంలో మరో మూలన తేలుతారు.