వెలిసిపోయిన పాత కారు రంగుకి మళ్లీ మెరుపు

బానెట్‌ని వేలితో రుద్దితే సుద్దలాంటి పొడి అంటుతోందా? ఎండకి పై పొర పాడైందన్నమాట. నీడలో కార్ షాంపూతో కడిగి, క్లే బార్‌తో (అంటుకున్న మురికిని లాగేసే మట్టి ముద్దలాంటిది) గరుకు తీసేయండి. అంచులకి మాస్కింగ్ టేప్ వేయండి, అక్కడ పెయింట్ పలచన. రెండడుగుల చదరం చొప్పున కాంపౌండ్ (పాడైన పై పొరని అరగదీసే పేస్టు) రుద్ది, ఆపైన పాలిష్, వ్యాక్స్ పెట్టండి. క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శక పూత) లేని పాత రంగైతే గుడ్డకి రంగు అంటడం మామూలే. మెటాలిక్ కారుకి అంటితే మాత్రం వెంటనే ఆపేయాలి, క్లియర్ కోట్ అరిగిపోయినట్టే! పొరలు లేస్తుంటే రీపెయింటే దారి.

తుప్పు ఎక్కువగా డోర్ల అడుగునే మొదలవుతుంది. అక్కడి డ్రెయిన్ రంధ్రాల్లో మట్టి పేరుకుంటే వాన నీళ్లు లోపలే నిలుస్తాయి. ప్లాస్టిక్ జిప్ టైతో పొడిచి శుభ్రం చేయండి. ఉబ్బిన పెయింట్‌ని 80 నంబర్ ఎమెరీతో మెరిసే ఇనుము కనబడేదాకా గీకి, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ (రంగుకి ముందు ఇనుము మీద వేసే పూత) కొట్టాలి. తుప్పు మీదే పుట్టీ పెడితే మళ్లీ ఉబ్బుతుంది.